బొటనవేలంత సిపాయికి రంగులు వేయడం ఎలా?

“బొమ్మ ముఖం రంగులో మునిగిపోయింది. ఖరీదైన రంగులు కొంటే బాగుపడుతుందా?” ఈ ప్రశ్న నాకు రాని వారం లేదు. ఫొటో చూడకముందే జవాబు చెప్పగలను: బాగుపడదు. మీ రంగులో నీళ్ళు తక్కువయ్యాయి, ఒక పూత ఆరకముందే ఇంకో పూత వేశారు. చిన్న చిన్న సైనికుల బొమ్మలతో బల్లమీద యుద్ధాలు ఆడుకునే మనవాళ్ళ బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది ఈ రెండు తప్పులవల్లే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయాను. అందుకే తిరుపతి ఎండలో, వానలో, బోరు నీళ్ళతో నేను చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు ఈస్టిండియా కంపెనీ సిపాయిని తీసుకుంటాను. పాదం నుంచి కంటి వరకు 28 మిల్లీమీటర్లు ఉండే బొమ్మ. మీ దగ్గర ఉన్నది డ్రాగనైనా, అంతరిక్ష సైనికుడైనా పద్ధతి ఇదే. సిపాయినే ఎందుకు ఎంచుకున్నానంటే, కంపెనీకీ మైసూరుకూ మధ్య జరిగిన రెండో మైసూరు యుద్ధం మన గడప దాకా వచ్చిన యుద్ధం. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గరి దండులోనే. పైగా ఎర్ర కోటు, తెల్ల పటకాలు, చామనచాయ ముఖం: కొత్తవాళ్ళను ఏడిపించే మూడు రంగులూ ఈ ఒక్క బొమ్మమీదే ఉన్నాయి.

కావలసినవి

- బొమ్మలు అయిదు. ఇరవై కాదు. ఇరవై ముందు పెట్టుకుంటే ఎనిమిదో బొమ్మ దగ్గర విసుగొస్తుంది, మిగిలినవి అటక ఎక్కుతాయి.
- గుండ్రటి కుంచెలు 1, 2 నంబర్లవి. అందరూ సున్నాలెక్కువున్న సన్న కుంచె కొంటారు. దాని మొనకు పట్టేది అర చుక్క రంగు. బొమ్మ దాకా వెళ్ళేలోపే ఆరిపోతుంది. చూడవలసింది కుంచె లావు కాదు, మొన. తడిపినప్పుడు సూదిలా కూడితే 2 నంబరు కుంచెతో కనుబొమ్మ కూడా దిద్దవచ్చు.
- అరిగిపోయిన మెత్తటి కుంచె ఒకటి. పాత మేకప్ బ్రష్ అయినా సరే.
- యాక్రిలిక్ రంగులు: నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలం, ముదురు గోధుమ (దుకాణంలో బర్న్ట్ అంబర్ అని అడగండి), పసుపుమట్టి రంగు (ఎల్లో ఓకర్), ఇటుక రంగు (బర్న్ట్ సియెన్నా), వెండి.
- ప్రైమర్ స్ప్రే డబ్బా ఒకటి, మెరుపు లేని మాట్ వార్నిష్ ఒకటి.
- బ్లేడు, సన్న ఎమరీ కాగితం, ఫెవిక్విక్, ఎంసీల్, ఫెవికాల్.
- మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, టిష్యూ కాగితాలు, వంటింటి బటర్ పేపర్.
- నీళ్ళకు రెండు గ్లాసులు. ఒకటి వెండి రంగు కుంచె కడగడానికి మాత్రమే. లేకపోతే ఆ మెరుపు పొడి సిపాయి ముఖంమీద తేలుతుంది.

ఎక్కడ దొరుకుతాయి? గాంధీ రోడ్డులో స్టేషనరీ, ఫ్యాన్సీ దుకాణాలు ఒక సాయంత్రం తిరిగితే సగానికి పైగా వచ్చేస్తాయి. ప్రైమర్ కోసం హార్డ్‌వేర్ దుకాణానికో, కార్ల పెయింటు అమ్మేచోటికో వెళ్ళాలి. వలెహో, సిటడెల్ వంటి ప్రత్యేక రంగులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. వాటిలో రంగు పొడి మరింత మెత్తగా నూరి ఉంటుంది, తక్కువ పూతల్లో పని అవుతుంది. కామ్లిన్, ఫెవిక్రిల్ యాక్రిలిక్‌లతో ఒకటి రెండు పూతలు ఎక్కువ వేయాలి, అంతే తేడా. నా మొదటి పటాలం మొత్తం వాటితోనే తయారైంది.

కొనకూడనివి కూడా చెప్పాలి. పోస్టర్ కలర్లు వద్దు: ఆరాక కూడా నీళ్ళు తగిలితే కరుగుతాయి, రెండో పూత మొదటి పూతను లేపేస్తుంది. గేట్లకు, కిటికీలకు వేసే ఎనామెల్ వద్దు. ముత్యపు మెరుపు ఉండే రకాలు వద్దు.

1. బొమ్మను శుభ్రం చేయండి

అచ్చు రెండు సగాలు కలిసినచోట బొమ్మ చుట్టూ సన్నటి గీత ఉంటుంది. ఇప్పుడు కంటికి ఆనదు, రంగు పడ్డాక కుట్లు వేసిన గాయంలా కనిపిస్తుంది. బ్లేడు వెన్నుతో మెల్లగా గీకేయండి. కోయకండి, గీకండి. ఆ తర్వాత ఎమరీ కాగితం.

గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. అచ్చు నుంచి బొమ్మ ఊడిరావడానికి పూసే జిడ్డు, మీ వేళ్ళ జిడ్డు రెండూ పోవాలి. త్రీడీ ప్రింటరులో తీసిన రెజిన్ బొమ్మ అయితే, చేతికి అంటుకున్నట్టు ఉన్నంతవరకు తొడుగులు లేకుండా పట్టుకోవద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఎండలో పెట్టి గట్టిపరచాలి. ఎండకు మన దగ్గర కొరత లేదు కాబట్టి అక్కడే మరచిపోయే ప్రమాదం ఉంది. ఎక్కువ ఎండితే తుపాకీ గొట్టం పుల్లలా విరుగుతుంది.

సరిచూసుకోవడం: దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పడనిచ్చి బొమ్మను తిప్పండి, గోటితో అంచులు తడమండి. గోరు ఎక్కడ ఆగితే అక్కడ పని మిగిలి ఉంది.

2. అతికించి, పిడి అమర్చండి

చేతులు, తుపాకీ ఫెవిక్విక్‌తో అతికించండి. సందులు కనిపిస్తే ఎంసీల్ రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, ఒకే రంగు వచ్చేదాకా పిసికి, తడి వేలితో నొక్కండి. ఆ తర్వాత ఖాళీ మాత్రల సీసా మూతమీద బొమ్మను రెండువైపులా అంటుకునే టేపుతో నిలబెట్టండి. ఇకమీదట పట్టుకునేది సీసాను, బొమ్మను కాదు.

3. ప్రైమర్

“రంగు గోటికి ఊడిపోతోంది” అని రాసేవారందరూ ఈ పని ఎగ్గొట్టినవారే. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. అది లేకపోతే రంగు బట్టమీద పాకిపోతుంది. ప్లాస్టిక్‌కు, లోహానికి ప్రైమర్ అలాంటిదే: పైన పడే రంగుకు పట్టు ఇస్తుంది.

ఏ రంగు ప్రైమర్? కొత్తవారికి బూడిద రంగు. నలుపుమీద ఎరుపు చచ్చిపోతుంది. తెలుపుమీద, కుంచె అందని మూలలు పళ్ళలా తెల్లగా మెరుస్తాయి.

డబ్బాను రెండు నిమిషాలపాటు బాగా ఊపండి. బొమ్మకు జానెడు దూరం, ఇంకాస్త ఎక్కువైనా ఫరవాలేదు. బొమ్మకు ఒక పక్కన మొదలుపెట్టి, దాన్ని దాటించి ఇంకో పక్కన ఆపండి. బొమ్మమీదే నొక్కి పట్టుకుంటే కారిపోతుంది. మొదటి పూత తర్వాత బొమ్మ ఇంకా మచ్చలు మచ్చలుగా ఉండాలి. పది పదిహేను నిమిషాలు ఆగి, ఇంకో పక్కనుంచి మరో పలచని పూత వేయండి. ముక్కుకు గుడ్డ, చుట్టూ గాలి ఉండాలి. వంటింటి దగ్గర, దీపం దగ్గర వద్దేవద్దు. బొమ్మలను థర్మోకోల్ ముక్కకు గుచ్చి స్ప్రే కొట్టకండి. ఆ ద్రావకానికి థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది, బొమ్మలు ఒకదానిమీద ఒకటి ఒరుగుతాయి.

ఇక వాతావరణం సంగతి. మే నెల మధ్యాహ్నం మిద్దెమీద కొడితే తుంపర గాలిలోనే ఆరిపోయి, బొమ్మమీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. ఎండాకాలంలో ఉదయం ఎనిమిదిలోపు కానిచ్చేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల కాలంలో దీనికి తలకిందులు: ఉదయం, సాయంత్రం గాలిలో చెమ్మ. తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం వరకు ఆగాలి. బట్టలు తీగమీద గంటలో ఆరే రోజు స్ప్రేకి మంచిరోజు. ఇంతకంటే నమ్మకమైన పంచాంగం నా దగ్గర లేదు.

ప్రత్యామ్నాయం: స్ప్రే కొట్టే చోటు లేకపోతే కుంచెతో పూసే యాక్రిలిక్ ప్రైమర్ దొరుకుతుంది. ఆలస్యమే తప్ప నష్టం లేదు.

సరిచూసుకోవడం: ఒక రాత్రి ఆరనిచ్చి, పాదం అడుగున గోటితో గీకండి. పొడి రాలకూడదు. కోటు బొత్తాలు విడివిడిగా కనిపించాలి.

4. రంగు కలపండి

అసలు విద్య ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చదవండి.

డబ్బాలో టిష్యూలు నాలుగు మడతలు పరిచి తడపండి. పైన బటర్ పేపర్ పరిచి, అడుగున గాలి బుడగలు లేకుండా వేలితో సర్దండి. రంగు దానిమీద కలపండి. కింది తడి కాగితం గుండా కొద్దికొద్దిగా పైకి వస్తూ రంగును ఆరనివ్వదు. మూత పెడితే మరుసటి రోజుకు కూడా పనికొస్తుంది. మైనం పూసిన కాగితం వాడకండి, తడి పైకి రాదు. రంగు దానంతటదే పలచబడి పాకుతుంటే నీళ్ళు ఎక్కువైనట్టు. టిష్యూ మెరుస్తూ ఉండాలి, నీళ్ళు నిలబడకూడదు. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపి కూర్చోమని చెప్పే పాపం నేను మూటగట్టుకోను గాని, గాలి సూటిగా డబ్బామీద పడకుండా అడ్డంగా ఒక అట్ట నిలబెట్టండి.

నీళ్ళు ఎంత? సీసాలోంచి వచ్చే రంగు ఇడ్లీ పిండిలా ఉంటుంది. మీకు కావలసింది పాలలా ఉండాలి. కుంచెను నీళ్ళలో ముంచి, ఆ తడితోనే రంగులో కలపండి. చాలకపోతే ఇంకోసారి. సీసా ఎత్తి నీళ్ళు పోయకండి.

పరీక్ష: బొటనవేలి గోటిమీద ఒక గీత గీయండి. కుంచె వెంట్రుకల చారలు మిగిలితే చిక్కన. గోటి అంచుల్లోకి పారిపోతే మరీ పలచన. గీసినచోటే నిలిచి, అడుగున గోరు కొద్దిగా కనిపిస్తే సరిగ్గా కుదిరింది. ప్రతిసారీ ఈ గీత గీయండి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా ఎడమ బొటనవేలు ఏదో ఒక రంగులోనే ఉంటుంది.

ఒక హెచ్చరిక: మొన కూడడానికి కుంచెను నోట్లో పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. మానుకోండి. పాత లోహపు బొమ్మల్లో సీసం కూడా ఉండేది.

5. అడుగు రంగులు

మనిషి దుస్తులు తొడుక్కునే వరుసలోనే రంగులు వేయండి: ముందు ఒళ్ళు, తర్వాత కోటు, దానిమీద పటకాలు, చివరికి తుపాకీ. లోపలిది వేసేటప్పుడు బయటికి అంటుకున్నా, బయటి రంగు దాన్ని కప్పేస్తుంది.

ఒంటి రంగు. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలన్నీ గులాబీ రంగు ముఖాలకే. మన సిపాయికి ముదురు గోధుమ రెండు పాళ్ళు, పసుపుమట్టి ఒక పాలు, ఎరుపు కుంచె మొనకు అంటేంత. నల్లటి మనిషి కావాలంటే పసుపుమట్టి తగ్గించండి, నలుపు మాత్రం కలపకండి. కలిపితే ముఖంలో ప్రాణం పోతుంది. అయిదుగురికీ ఒకే చాయ వేయవద్దు. మీ వీధిలో అయిదుగురిని నిలబెట్టి చూడండి.

ఎర్ర కోటు. ఎరుపు సగం గాజులాంటిది, అడుగునున్నది కనిపిస్తుంది. బూడిద రంగుమీద నేరుగా నాలుగు పూతలు వేసినా మురికిగానే ఉంటుంది. కసిగా చిక్కటి రంగు పూసేది, బొత్తాలు మాయమయ్యేది ఇక్కడే. ముందుగా ఇటుక రంగు ఒక పూత వేసి, ఆరాక ఎరుపు రెండు పూతలు వేయండి. పసుపుకూ ఇదే మందు: కింద పసుపుమట్టి.

తెల్ల పటకాలు. తెలుపుతో మొదలుపెట్టకండి. తెలుపులో చుక్క నలుపు, చుక్క గోధుమ కలిపిన లేత బూడిద వేయండి. అసలు తెలుపు ఏడో అంచెలో, అంచులమీద మాత్రమే.

ప్రతి పూతకూ మధ్య పదిహేను నిమిషాలు. అయిదుగురిని వరుసగా పెట్టుకుంటే అయిదో సిపాయి కోటు అయ్యేసరికి మొదటివాడిది ఆరిపోతుంది. అయిదు అని పట్టుబట్టింది ఇందుకే. మొదటి పూత తర్వాత బొమ్మ అసహ్యంగా, చారలు చారలుగా ఉంటుంది. ఉండాలి కూడా. అది చూసి భయపడి అప్పుడే మళ్ళీ దిద్దితే సగం ఆరిన పొర చిరిగి ముద్ద కడుతుంది. లేచి వెళ్ళి కాఫీ తాగి రండి.

సరిచూసుకోవడం: మొదటి బొమ్మ కోటు బొత్తాలను అయిదో బొమ్మవాటితో పోల్చండి. అయిదోదాంట్లో మొద్దుబారితే, పని మధ్యలో మీ రంగు చిక్కబడిందన్నమాట.

6. వాష్

వాష్ అంటే పల్లాల్లో చేరి నీడలా కనిపించే పలచని రంగు. ముదురు గోధుమ రంగును నీళ్ళతో టీ డికాక్షన్ అంత పలచగా కలపండి. గిన్నెల సబ్బు నీళ్ళలో ముంచిన పుల్లను అందులో ఒకసారి తిప్పండి. సబ్బు ఉంటే రంగు ముత్యాల్లా నిలబడకుండా పల్లాల్లోకి జారుతుంది. ఎక్కువైతే నురగ వస్తుంది, జాగ్రత్త. ఈ పనికి బోరు నీళ్ళు వద్దు. ఉప్పు నీళ్ళు ఆరినచోట తెల్లటి మరకలు మిగులుతాయి. తాగే నీళ్ళు వాడండి.

బొమ్మ మొత్తానికి పూయండి. వేళ్ళ మధ్య, పటకా పక్కన, కోటు మడతల్లో దానంతటదే చేరుతుంది. ఒక నిమిషంలోపు బొమ్మను తిప్పి చూసి, ఎక్కడ గుంటకట్టిందో అక్కడ కడిగి పిండిన కుంచె మొన ఆనించండి, పీల్చేస్తుంది. తర్వాత గంటసేపు ముట్టుకోవద్దు. సగం ఆరాక కెలికితే గ్లాసు పెట్టిన బల్లమీద మిగిలే చక్రంలాంటి మరక పడుతుంది.

7. వెలుగు అంచులు

వాష్ ఆరాక బొమ్మ మురికిగా కనిపిస్తుంది. అడుగు రంగులనే మళ్ళీ, ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రమే వేయండి. మడతల గాడిని వదిలేయండి. ఆపైన కొంచెం లేత చేసిన రంగు, ఇంకా తక్కువ చోట.

లేత చేయడమంటే తెలుపు కలపడం కాదు. ఎరుపులో తెలుపు కలిపితే సిపాయి గులాబీ కోటు తొడుక్కుంటాడు. పసుపు చుక్క కలిపి నారింజ వైపు తీసుకెళ్ళండి. ఒంటి రంగులో తెలుపు కలిపితే బూడిద పూసిన ముఖం వస్తుంది, పసుపుమట్టి కలపండి. ముఖంమీద వెలుగు పడే చోట్లు నుదురు, ముక్కు దూలం, చెక్కిళ్ళ ఎముకలు, గడ్డం. అయిదు చుక్కల పని.

తుపాకీ చెక్కకు, తలపాగా మడతలకు పాత కుంచె చాలు. రంగు అద్ది, టిష్యూమీద దాదాపు ఏమీ రానంతవరకు తుడిచి, ఎత్తులమీద తేలికగా ఆడించండి. దుమ్ము దులిపినట్టు ఉండాలి. దీన్నే పొడి కుంచె అంటాం. బొమ్మమీద గీతలు పడుతున్నాయంటే కుంచెలో ఇంకా తడి ఉంది.

కళ్ళ గురించి అడుగుతారు. నా సలహా: వేయకండి. వాష్ వేసిన కనుగుంట చేతిదూరంలో కన్నులాగే కనిపిస్తుంది. తెల్లటి చుక్క, నల్లటి చుక్క పెట్టబోతే సిపాయి దయ్యాన్ని చూసినట్టు బెదిరిపోతాడు.

సరిచూసుకోవడం: బొమ్మను చేతిదూరంలో పెట్టి, ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. పటకా, కోటు, ముఖం విడివిడిగా తెలిస్తే చాలు. అన్నీ ఒకే బూడిద ముద్దగా ఉంటే వెలుగు అంచులు ఇంకా పెంచాలి. ముక్కుకు ఆనించుకుని చూస్తే ఎవరి బొమ్మయినా అసహ్యంగానే ఉంటుంది. ఆట ఆడేటప్పుడు ఎవరూ అలా చూడరు.

8. అడుగు బిళ్ళ

బొమ్మ కాళ్ళకింద ఉండే బిళ్ళమీద ఫెవికాల్ పూసి ఇసుక చల్లండి. ఇల్లు కట్టేచోట నుంచి పిడికెడు తెచ్చి, టీ వడకట్టే జల్లెడలో జల్లించి, పెనంమీద వేడిచేసి చల్లార్చాలి. ఆరాక ఇటుక రంగు, గోధుమ వాష్, పైన పసుపుమట్టి పొడి కుంచె. అందరూ పచ్చగడ్డి అతికిస్తారు. చిత్తూరు పొలిమేరలో కొట్లాడే సిపాయి కాళ్ళకింద ఎర్రమట్టి, రెండు గులకరాళ్ళు, ఒక ఎండు గడ్డిపోచ చాలు.

9. వార్నిష్

దసరాకు బొమ్మల కొలువులో పెడతానని మా అమ్మ ముగ్గురు సిపాయిలను తీసుకుంది. వార్నిష్ వేయనివాళ్ళు. తొమ్మిది రోజులు అందరి చేతుల్లో తిరిగి, తలపాగా అంచుల్లో, తుపాకీ మొనమీద రంగు పోయి తిరిగొచ్చారు. ఆటలో వేళ్ళు పడేది కూడా సరిగ్గా అక్కడే.

స్ప్రే నియమాలన్నీ ప్రైమర్ దగ్గర చెప్పినవే, ఇంకా కఠినంగా పాటించాలి. తొందరపడి ఒక అక్టోబరు సాయంత్రం, వాన వెలిసిన అరగంటకు, పన్నెండుమందికి మాట్ వార్నిష్ కొట్టాను. తెల్లారి చూస్తే పన్నెండుమందీ విభూతి పూసుకుని కూర్చున్నారు. చెమ్మ వల్ల వచ్చే తెల్లటి మంచు అది. పొడి రోజున మెరుపు వార్నిష్ పలచగా ఒక పూత వేస్తే చాలావరకు పోతుంది, దానిమీద మళ్ళీ మాట్. నాకు పదిమంది దక్కారు. వానాకాలంలో ఇప్పుడు కుంచెతో పూసే వార్నిష్ మాత్రమే వాడుతున్నాను. అది సీసాలో అడుగంటితే బొమ్మ తెల్లబడుతుంది, బాగా కలిపి వాడండి. ఏ రకమైనా ముందు ఒక్క బొమ్మమీద వేసి, మరుసటి రోజు చూశాకే మిగతావి.

పూర్తిగా చెడిపోతే

పారేయకండి. లోహం, గట్టి ప్లాస్టిక్ బొమ్మలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి టూత్‌బ్రష్‌తో రుద్దితే యాక్రిలిక్ ఊడివస్తుంది. రెజిన్ అయితే ఎక్కువసేపు వద్దు, మెత్తబడవచ్చు. గోళ్ళరంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్‌కు ఎప్పుడూ వాడకండి. అందులో అసిటోన్ ఉంటే రంగుతోపాటు సిపాయి కూడా కరుగుతాడు.

తీసుకెళ్ళడానికి

వార్నిష్ వేశాక ఒక రోజు మూతపెట్టకుండా ఉంచండి. బైకుమీద ఆటకు వెళ్ళేవారు బిళ్ళల అడుగున చిన్న అయస్కాంతాలు అతికించి, రేకు డబ్బాలో నిలబెట్టుకోండి. ఇంట్లో ఉన్న స్టీలు టిఫిన్ డబ్బా తీసుకుందామనుకుంటారు. చాలా స్టీలు డబ్బాలకు అయస్కాంతం పట్టదు, మలుపు తిరగగానే పటాలమంతా ఒక మూలకు చేరుతుంది. పాత బిస్కెట్ల రేకు డబ్బా మేలు. డబ్బా కొనడానికి వెళ్ళేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళండి.